ఎక్కడ ఆపినా మర్యాదగా ఉండవలెను

నేను కార్టూన్లు చూసి బతుకుతున్నాను. వినడానికి అంత గొప్పగా ఉండదని నాకూ తెలుసు. పెళ్ళిళ్ళలో ఎవరైనా ‘అన్నయ్యగారు ఏం చేస్తారమ్మా?’ అని అడిగితే మా ఆవిడ ‘పేపర్లోనండి’ అని చెప్పి, గబగబా పెళ్ళికూతురి చీర మీదికి మాట మళ్ళిస్తుంది. పేపర్లోనే, కాదనను. ఆదివారం అనుబంధంలో, వారఫలాల పక్కన, కొత్తగా వచ్చిన యానిమేషన్ సిరీస్‌ల మీద, కుర్రకారు సొంతంగా తీసుకునే పైలట్ల మీద సమీక్షలు రాస్తాను. పైలట్ అంటే ఇక్కడ విమానం నడిపే మనిషి కాదు. మొత్తం సిరీస్ తీసే స్తోమత లేక, ‘తీస్తే ఇదిగో ఇలా తీస్తాం, ఎవరైనా ముందుకు రండి బాబూ’ అని చూపించుకోవడానికి తీసే మొదటి ముక్క. ఇలాంటివి చూసీ చూసీ నాకు తెలిసింది ఒక్కటే. బాగా గీసిన బొమ్మ కదిలిందంటే యాభై ఆరేళ్ళవాడు కూడా నోరు తెరుచుకుని చూస్తాడు.

ఈ అర్హత మీదే నన్ను రాష్ట్ర సజీవ చిత్రణ సమీక్షా ప్రాధికార మండలిలో అనధికార సభ్యుడిగా వేశారు. ఆ పేరు నోరు తిరిగేసరికే నాకు రెండు సమావేశాలు పట్టింది. విశాఖపట్నంలో, ఏ కిటికీలోంచీ సముద్రం కనపడకుండా జాగ్రత్తపడి కట్టిన ఒక భవనంలో మా ఆఫీసు. రాష్ట్రంలో ఎవరు ఏ కార్టూన్ తీసినా, అది నలుగురు పిల్లల్ని కూర్చోబెట్టి చూపించాలంటే మా సర్టిఫికెట్ ఉండాలి.

మా అధ్యక్షులు అంపోలు వైకుంఠరావు గారు. నిజాయితీపరుడు. ఆఫీసు టీ ముట్టుకోరు, ఇంటి నుంచి ఫ్లాస్కు తెచ్చుకుంటారు. సర్వీసంతా భూముల సర్వేలో గడిచింది. భూమి కదలదు కాబట్టి, కదిలేవాటితో ఆయనకి అంతకుముందు పెద్దగా పరిచయం లేదు. సభ్య కార్యదర్శి గుడిమెట్ల రత్నకుమారి గారు. ఆవిడ ‘ఫ్యాను వెయ్యండి’ అనాల్సి వచ్చినా ‘గాలి నిమిత్తం తగు చర్య తీసుకొనవలసినది’ అనేవారు. ఇద్దరూ చెడ్డవాళ్ళు కారు, ముందే చెబుతున్నాను. చెడ్డవాళ్ళయి ఉంటే నాకు ఇంత కోపం వచ్చేది కాదు.

అసలు గొడవ ఒక తాతగారి వల్ల మొదలైంది. మేం పాస్ చేసిన ఒక సిరీస్‌లో తాతగారు మనవలకి వేళ్ళ మీద అంకెలు నేర్పుతాడు. పిడికిలి బిగించి ఒక్కొక్క వేలూ విప్పుతాడు. గీసినవాడి తొందరలో ఒక్క బొమ్మలో మాత్రం, విప్పకూడని వేలు ఒక్కటే పైకి లేచింది. సెకనుకి ఇరవై నాలుగు బొమ్మలు పోయేచోట అది ఏ మానవుడి కంటికీ ఆనదు. ఎవడో పనిలేని పెద్దమనిషి సరిగ్గా అక్కడ ఆపి, ఫొటో తీసి, ‘తాత నేర్పే సంస్కారం ఇదా?’ అని వాట్సాప్‌లో పెట్టాడు. సాయంత్రానికల్లా టీవీలో నలుగురు కూర్చుని అరుచుకున్నారు. కదిలేటప్పుడు ఆ వేలు కనపడదు మొర్రో అని నేను ఫోన్లో చెప్పబోతే, యాంకరు ‘అంటే వేలు ఉందని ఒప్పుకుంటున్నారు!’ అని ప్రకటన విరామం ఇచ్చాడు.

మర్నాడే అత్యవసర సమావేశం. వైకుంఠరావు గారి ముఖం పీక్కుపోయి ఉంది.

“లోపం మనదేనండి,” అన్నారు. “కదులుతున్నదాన్ని కదులుతుండగానే చూసి సంతకం పెట్టాం. నా సర్వీసులో ఏనాడూ సర్వే గొలుసు ఊగుతుండగా కొలత రాయలేదు. ఆపాలి. ఆపి చూడాలి.”

రత్నకుమారి గారు అప్పటికప్పుడు సర్క్యులర్ చెప్పేశారు. “సదరు చిత్రణను ఏ బిందువు వద్ద నిలుపుదల చేసినప్పటికినీ, ఆ బిందువు వద్దనున్న బొమ్మ సంపూర్ణ మర్యాదతో ఉండవలెను. దీనిని నిశ్చల పరీక్ష అని వ్యవహరించవలెను.”

వినడానికి ఎంత సబబుగా ఉందో చూడండి. మర్యాదగా ఉండమంటే ఎవరు కాదంటారు? సభ్యులందరూ తలలూపారు. నేను మాత్రం, ‘పరిగెడుతున్నవాణ్ణి మధ్యలో ఆపితే ఒంటికాలి మీదే కదండీ ఉంటాడు’ అన్నాను. మినిట్స్‌లో ‘సభ్యులు శ్రీ కామేశం హర్షం వ్యక్తం చేశారు’ అని రాసుకున్నారు.

ఆ సర్క్యులర్ వచ్చాక మా ముందుకు వచ్చిన మొదటి పైలట్ పొట్నూరి హిమజది.

హిమజ అక్కయ్యపాలెంలో ఒక టిఫిన్ సెంటర్ మీద రెండు గదులు తీసుకుని, ఇద్దరు స్నేహితులతో బొమ్మలు గీస్తుంది. ముగ్గురూ కలిసి రెండేళ్ళు గీస్తే ఎనిమిది నిమిషాల పైలట్ తయారైంది. పేరు ‘ఘాట్ రోడ్డు కండక్టరమ్మ’. కండక్టరమ్మ ఒక గిన్నెకోడి. పేరు చింతాలమ్మ. ఒళ్ళంతా చుక్కలు, చంకలో టిక్కెట్ల సంచి, కంఠం మాత్రం కొండ అవతలికి వినపడుతుంది. పాడేరు ఘాట్ ఎక్కే బస్సులో పనసపళ్ళ బుట్టతో ఒక ఎలుగుబంటి, కొత్తగా పెళ్ళయిన ముంగిసల జంట, సీటు కోసం దెబ్బలాడుకునే కోతులు. మలుపు మలుపుకీ బస్సు ఒరిగితే వీళ్ళందరూ ఒక పక్కకి జారిపోతారు, చింతాలమ్మ రెక్కలతో ఇటు తోస్తే అటు, అటు తోస్తే ఇటు. డబ్బింగ్ వాళ్ళని పెట్టుకునే వీలు లేక, ఆ గొంతు కూడా హిమజే ఇచ్చింది. నేను ముందే చూశాను, ఇంట్లో, అన్నం తింటూ. పొలమారింది. మా ఆవిడ నెత్తి మీద కొడుతూ తనూ చూసింది, చూస్తూ చూస్తూ కొట్టడం మానేసింది. ఇరవయ్యేళ్ళుగా సమీక్షలు రాస్తున్నాను, అంత ప్రాణమున్న కోడిని ఎప్పుడూ చూడలేదు.

పిల్లల చానెల్ ఒకటి ఆ అమ్మాయికి మాటిచ్చింది. మండలి సర్టిఫికెట్ తెచ్చుకుని, మండలి జరిపే బాలల యానిమేషన్ ఉత్సవంలో పిల్లల ముందు ఆడిస్తే, వాళ్ళ మనిషి వచ్చి చూస్తుంది. పిల్లలకి నచ్చితే సిరీస్ మొత్తం తీయిస్తారు. లేదంటే ఆ రెండు గదులూ ఖాళీ చెయ్యడమే. స్నేహితులిద్దరికీ బెంగుళూరు నుంచి ఉద్యోగాల పిలుపులు వచ్చేశాయి, హిమజ బతిమాలి ఆపుకుంటోంది.

“సర్టిఫికెట్టు వచ్చేస్తాది కద సర్?” అని వరండాలో నన్నడిగింది.

“ఎందుకు రాదమ్మా? అందులో అభ్యంతరం ఏముంది?” అన్నాను. సర్క్యులర్ నేనూ చదివాను గానీ, ఎంత ఆపి చూసినా కోడి కోడే కదా అనుకున్నాను.

లోపల పైలట్ మొదలైంది. బస్సు కదిలింది. వైకుంఠరావు గారు చెయ్యెత్తి, “ఆపండి,” అన్నారు. ఆగింది. తెర మీద చింతాలమ్మ కన్ను సగం మూసి ఉంది.

“ఇదేమిటి? డ్యూటీలో కునుకా?”

“కాద్సర్,” అంది హిమజ. “కన్నార్పుతున్నాది. పూర్తిగా మూసీసి మళ్ళీ తెరిసీస్తాది, సూడండి.”

“తెరిచాక సంగతి తెరిచాక చూద్దాం. ప్రస్తుతానికి సగం మూసి ఉంది. దీన్ని ఎవరైనా ఫొటో తీస్తే? ‘మత్తులో మహిళా కండక్టర్’ అని పెడతారు. రాసుకోండి రత్నకుమారి గారూ.”

రాసుకున్నారు. ముందుకు నడిపారు. మళ్ళీ ఆపండి. ఎలుగుబంటి టిక్కెట్టు కోసం నోటు చాపింది, చింతాలమ్మ రెక్క చాపింది. రెక్కలో ఇంకా టిక్కెట్టు లేదు.

“ప్రజాసేవకురాలు నగదు స్వీకరిస్తున్నట్టు స్పష్టంగా ఉన్నది. ప్రతిఫలంగా టిక్కెట్టు కనిపించుట లేదు,” అన్నారు రత్నకుమారి గారు.

“తరవాత బొమ్మలో ఇచ్చీసింది మేడమ్!”

“తరువాత ఇచ్చినంత మాత్రాన ముందు తీసుకొనుట రద్దు కాదు.”

ఇంకొంచెం నడిపారు. ఎలుగుబంటి కూర్చోబోతోంది. ఆపితే, కూర్చోనూ లేదు, నిలబడనూ లేదు. వైకుంఠరావు గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, ఆ భంగిమ గ్రామీణ ప్రాంతాల్లో ఏ పనిని గుర్తుచేస్తుందో నోటితో చెప్పలేనన్నారు. పరిశుభ్రతా ప్రచారానికి దెబ్బ అని రాయించారు. మలుపులో బస్సు రోడ్డుకి అడ్డంగా ఉంది, ట్రాఫిక్ ఉల్లంఘన. ముంగిసల జంట కుదుపుకి ఒకరి మీద ఒకరు పడబోతున్నారు, ఇంకా పడలేదు. ఆ దూరం చూసి సభలో ఆడ సభ్యులు తల దించుకున్నారు. కోతి దూకుతుంటే నాలుగు కాళ్ళూ గాలిలో ఉన్నాయి, కింద ఆధారం లేదు. చింతాలమ్మ పరిగెత్తేచోట వేగం తెలియడానికి హిమజ ఒకే బొమ్మలో ఆరు కాళ్ళు గీసింది. దాన్ని చూసి సభ్యులందరూ ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టుకున్నారు.

“కోడికి కాళ్ళెన్ని?” అని ఆఖరికి అడిగారు వైకుంఠరావు గారు, చాలా మెత్తగా.

“రెండే సర్.”

“మరి?”

హిమజ నా వైపు చూసింది. నేను లేచి, అది యానిమేషన్లో అందరూ వాడే పద్ధతేనని, కదిలేటప్పుడు ఆరు కాళ్ళు కనపడవని, పరుగు మాత్రమే కనపడుతుందని అరగంట చెప్పాను. ‘సభ్యులు శ్రీ కామేశం కాళ్ళ సంఖ్య విషయమై అంగీకరించారు’ అని మినిట్స్.

అభ్యంతరాలున్న బొమ్మలు తీసేసి తెమ్మన్నారు. తీసేసి తెచ్చింది. ఇప్పుడు బస్సు స్టాండులో ఉన్నదల్లా ఒక్కసారిగా కొండ మీద ఉంది. ఎలుగుబంటి గుమ్మంలో కనపడి, సీట్లో తేలింది.

“మధ్యలో ఏం జరిగింది?” అన్నారు వైకుంఠరావు గారు అనుమానంగా.

“మీరు తీసీమన్నవి జరిగినాయి సర్.”

“అదే మా భయం. తీసేశారంటే తీసెయ్యాల్సినవేవో ఉన్నాయని జనం అనుకోరూ? ఖాళీలు ఉండకూడదు. నింపి తీసుకురా తల్లీ.”

అప్పుడు హిమజకి చిర్రెత్తింది. మూడు వారాలు కూర్చుని, ఖాళీల్లో అందరినీ నిటారుగా నిలబెట్టి, నమస్కారం పెట్టించింది. చింతాలమ్మ నమస్కారం పెట్టుకునే గుమ్మం దగ్గర్నుంచి వెనక సీటుదాకా జారుతుంది. కోతులు నమస్కారాలు పెట్టుకుంటూ దెబ్బలాడుకుంటాయి. వెటకారంగానే చేసింది, నాకు తెలుసు. మండలి దాన్ని అపారమైన సంతోషంతో స్వీకరించింది.

“ఇదీ సంస్కారం అంటే!” అన్నారు వైకుంఠరావు గారు. “ఒక్కటే చిన్న ఇబ్బంది. నమస్కారం పెట్టబోయే ముందు రెక్కలు విడివిడిగా ఉన్నాయి. అక్కడ ఆపితే, పెట్టబోతోందో విరమించుకుంటోందో తెలియడం లేదు.”

“అయితే ఏటి సెయ్యమంటారు సర్?” అంది హిమజ. “మొదటినుంచీ పెట్టుకునే ఉండమంటారా? సివరిదాకా దించొద్దంటారా?”

వైకుంఠరావు గారు, రత్నకుమారి గారు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇంత సులువైన పరిష్కారం తమకెందుకు తట్టలేదా అన్న సిగ్గు ఇద్దరి ముఖాల్లోనూ కనపడింది.

అలా ‘ఘాట్ రోడ్డు కండక్టరమ్మ’ ఒక్క అభ్యంతరం లేకుండా పాసైంది. ఎనిమిది నిమిషాలూ బస్సు స్టాండులో ఆగి ఉంటుంది. చింతాలమ్మ గుమ్మం దగ్గర కళ్ళు బాగా తెరుచుకుని నమస్కారం పెట్టుకుని ఉంటుంది. వెనకాల ఎలుగుబంటి, కోతులు, తగినంత ఎడంగా ముంగిసలు, అందరూ నమస్కారాలే. ఎక్కడ ఆపినా మర్యాదగా ఉంది. ఆపకపోయినా అలాగే ఉంది. ధ్వని మాత్రం పాతదే ఉండిపోయింది, ఎందుకంటే ధ్వనిని ఆపి చూస్తే ఏమీ కనపడదని రత్నకుమారి గారు తేల్చారు.

హిమజ సర్టిఫికెట్ తీసుకుంటూ వైకుంఠరావు గారికి దణ్ణం పెట్టి, బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. నాకు ఒళ్ళు మండిపోయింది. లోపలికెళ్ళి రాజీనామా చేస్తానన్నాను. మండలిలో ఖాళీ ఏర్పడితే ఉత్సవం వాయిదా పడుతుందని, ఉత్సవం వాయిదా పడితే చానెల్ వాళ్ళు రారని రత్నకుమారి గారు చల్లగా వివరించారు. నోరు మూసుకుని కూర్చున్నాను.

అంతటితో ఆగితే మా మండలి మండలి ఎందుకవుతుంది? అంతకుముందు పాసైన సిరీస్‌లన్నిటినీ వెనక్కి రప్పించి నిశ్చల పరీక్ష పెట్టారు. అన్నీ నమస్కారాల్లోకి దిగాయి. వార్షిక నివేదికలో వాటి మీద సమీక్షలు రాసే పని నాది. అబద్ధం రాయడం నాకు చేతకాదు, ఉన్నదే రాశాను. పిల్లల క్రికెట్ సిరీస్ గురించి: ‘మొదటి భాగంలో బౌలరు బంతి పట్టుకుని నిలబడ్డాడు. పదో భాగంలోనూ వదల్లేదు. పాత్రలో నిలకడ ఉంది.’ ఉడత డిటెక్టివ్ సిరీస్ గురించి: ‘దొంగా, డిటెక్టివూ మొదటి నుంచీ ఎదురెదురుగానే నిలబడి ఉంటారు. ఎవరు ఎవరికి దొరికారన్న ఉత్కంఠ చివరిదాకా సడలదు.’ వానాకాలం మీద తీసినదాన్లో, చినుకుని గాలిలో ఆపితే నిరాధారంగా ఉందని మండలి వాననే తీసేసింది. ‘ఎండలో గొడుగులు వేసుకుని నిలుచున్న రైతుల ఆశాభావం కట్టిపడేస్తుంది’ అని రాశాను. కోపంతో రాశానండి, ఒక్కొక్క వాక్యం పళ్ళు నూరుకుంటూ. రత్నకుమారి గారు చదివి, నా శైలి ఇన్నాళ్ళకి పరిణతి చెందిందన్నారు.

బాలల యానిమేషన్ ఉత్సవం రోజు వచ్చింది. బళ్ళ నుంచి పిల్లల్ని బస్సుల్లో తెచ్చి హాలు నింపారు. చానెల్ తరఫున హైదరాబాదు నుంచి నీలోఫర్ అనే ఆవిడ వచ్చి ముందు వరసలో కూర్చుంది. ప్రారంభించడానికి మంత్రిగారు వచ్చారు. ఉత్సవాన్ని ఇంటర్నెట్లో ప్రత్యక్ష ప్రసారం చేస్తున్నారని రత్నకుమారి గారికి అప్పుడే గుర్తొచ్చింది. మంత్రిగారు మాట్లాడుతుండగా ఎవరైనా ఆపితే? నోరు తెరిచిన చోట ఆపితే? ఆవులించిన చోట?

వేదిక వెనక హడావుడి సమాలోచన జరిగింది. మంత్రిగారి ఉపన్యాసం ముందే పక్క గదిలో రికార్డు చేసుకున్నారు. తెర లేచేసరికి మంత్రిగారు, వైకుంఠరావు గారు, రత్నకుమారి గారు, వరసగా నమస్కారాలు పెట్టుకుని నిలబడి ఉన్నారు. స్పీకర్లలోంచి ఉపన్యాసం వస్తోంది. ‘రాష్ట్రాన్ని శరవేగంతో ముందుకు పరుగులు తీయిస్తున్నాం’ అన్న చోట పిల్లలు కిసుక్కుమన్నారు. వైకుంఠరావు గారి ముక్కు మీద ఈగ వాలింది. ఆయన తోలలేదు. నాకు ఆ క్షణాన ఆయన మీద జాలేసింది.

తరవాత ‘ఘాట్ రోడ్డు కండక్టరమ్మ’ వేశారు. హిమజ నా పక్కన కూర్చుని చీర కొంగు వేలికి చుట్టుకుంటోంది. తెర మీద బొమ్మ కదలకుండా ఉంది. స్పీకర్లలోంచి చింతాలమ్మ విరుచుకుపడింది.

“ఏటి బావూ, బస్సు మీ అత్తోరిచ్చినారేటి? అడ్డంగా నిలబడిపోనావు! జరుగు, ముందుకి జరుగు!”

మొదట పిల్లలు తెర వంక చూశారు. ఎవరూ జరగడం లేదు. చింతాలమ్మ మళ్ళీ అరిచింది. వెనక వరసలోంచి ఎవరో పకపకా నవ్వారు. “నీకే సెప్తన్నాను ఎలుగ్గొడ్డూ! పనసపండు నెత్తినెట్టుకో, నువ్వు మాత్రం జరుగు!” ఒక పాప లేచి తన బ్యాగు నెత్తిన పెట్టుకుని పక్కకి జరిగింది. ఆ పాపని చూసి ఇంకో ఇద్దరు. “మలుపొస్తంది, మలుపొస్తంది, కమ్మీ అట్టుకోండర్రా!” అనేసరికి హాల్లో పిల్లలందరూ ఎడం పక్కకి ఒరిగిపోయారు. బస్సు హారన్. కుడి పక్కకి. కోతుల దెబ్బలాట వచ్చేసరికి కుర్చీల మీద నిజంగానే దెబ్బలాట. అయిపోయాక అయిదు నిమిషాలు చప్పట్లు. నీలోఫర్ నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంటోంది. హిమజ నా చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కింది.

“హిమజ గారూ, మస్తు నవ్విచ్చిన్రు,” అంది నీలోఫర్ బయట. “సిరీస్ ఖాయం. ఇప్పుడే మా ఆఫీసుకి చెప్పిన.”

హిమజ దణ్ణం పెట్టబోయి, మధ్యలో ఆపేసి నవ్వేసింది.

“అయితే ఒక్క మాట. బొమ్మలు పెడితే మీ మండలితోని పంచాయితీ, చూస్తున్న కదా. బొమ్మలు వద్దు. వినే సిరీస్ చేద్దాం. వట్టి గొంతు. మీ గొంతు చాలు.”

రెండేళ్ళు బొమ్మలు గీసిన పిల్లతో బొమ్మలు వద్దంది. పాపం, మంచికే అంది. హిమజ ముఖం చూడలేక నేను చెప్పుల వంక చూసుకున్నాను.

కాసేపటికి హిమజ అంది, “బొమ్మ కదల్నిదే నాకు గొంతు రాదండి. అది మెడ ఎంత సాపితే నేనంత అరుస్తాను. ముందు గీసుకోవాల. గీసి, ఆడించుకుని, సూస్తా సెప్పాల.”

“గీసుకోండ్రి, ఎవరు వద్దన్నరు? గీసుడు ఖర్చు కూడా ఇస్తం. బయటికి మాత్రం గొంతే వస్తది.”

అలా మా రాష్ట్రంలో ఒక యానిమేషన్ సిరీస్, చెవులతో వినడానికి, తయారవడం మొదలైంది. స్నేహితులు బెంగుళూరు వెళ్ళలేదు. ముగ్గురూ వారం పొడుగునా గీస్తారు, ఆదివారం పొద్దున్న గదిలో గోడ మీద బొమ్మ ఆడించుకుని, అది చూస్తూ హిమజ గొంతు ఇస్తుంది. గొంతు చానెల్‌కి పోతుంది. బొమ్మలు బీరువాలోకి పోతాయి. మొదటి ఆదివారం కింద టిఫిన్ సెంటర్‌లో ఇడ్లీ తింటున్నవాళ్ళు ‘పైన ఆ గోలేంటి’ అని ప్లేట్లతో సహా మెట్లెక్కారు. రెండో వారానికి వీధి పిల్లలందరూ దిగారు. ఆ తరవాత గది చాలక, మేడ మీద గోడకి సున్నం వేయించి, షామియానా కట్టి, రికార్డింగ్ అక్కడ పెట్టారు.

వార్త మండలిదాకా వచ్చింది. రత్నకుమారి గారు నియమావళి అంతా తిరగేసి తేల్చారు. “ధ్వని ముద్రణ నిమిత్తం కళాకారిణి ఎదుట ఆడు బొమ్మలు ప్రదర్శన కిందికి రావు. సదరు ముద్రణా స్థలమునకు ఎవరైనా స్వచ్ఛందంగా వచ్చి నిలుచున్న యెడల, అది వారి వ్యక్తిగత విషయము.” మండలి పుట్టాక వచ్చిన అతి మంచి ఉత్తర్వు అదేనని నా అభిప్రాయం. అన్నట్టు, ఆ మాట గట్టిగానే అన్నాను. మినిట్స్‌లో ఎక్కలేదు.

మొన్న ఆదివారం నేను వెళ్ళేసరికి మేడ మీద అడుగు పెట్టే చోటు లేదు. ముందు వరసలో, భార్య పక్కన ఎవరో పెద్దమనిషి బిగుసుకుని కూర్చున్నారు. తీరా చూస్తే వైకుంఠరావు గారు.

“మా ఆవిడ వినడానికి వచ్చింది,” అన్నారు నన్ను చూసి. “తోడు వచ్చాను. చూడ్డానికి కాదు.”

“ఏం వినడమో! నేను చూడ్డానికే వచ్చాను. ఈయనే వారం నుంచీ రానని మొండికేశారు,” అన్నారు ఆవిడ.

నేను ఆయనకి రెండో పక్కన ఇరుక్కుని కూర్చున్నాను. గోడ మీద బస్సు కదిలింది. చింతాలమ్మ మెడ సాగదీసింది, పక్కనే మైకు ముందు హిమజ మెడ కూడా సాగింది. ఎలుగుబంటి ఎక్కుతూ గుమ్మంలో ఇరుక్కుంది. వెనక కోతులు తోస్తున్నాయి. చింతాలమ్మ ఆరు కాళ్ళతో పరిగెత్తుకొచ్చింది. ఎవరికీ ఆరు కాళ్ళు కనపడలేదు, పరుగే కనపడింది. వైకుంఠరావు గారి నోరు కొంచెం తెరుచుకుంది. మలుపు వచ్చేసరికి ఆయన పూర్తిగా భార్య మీదికి ఒరిగిపోయారు. ఇంకో మలుపుకి ఇటు నా భుజం మీదికి వచ్చారు. ఆయన నవ్వుతుండగా నేను చూడ్డం అదే మొదటిసారి. పైపళ్ళలో ఒకటి లేదని కూడా అప్పుడే తెలిసింది.

హిమజ ఆయన్ని గుర్తుపట్టింది. ముఖం తెల్లబోయింది. మైకు పక్కకి తిప్పి, చెయ్యి కంప్యూటర్ మీద పెట్టి, “సర్, ఆపి సూపించమంటారా?” అంది.

“వద్దు వద్దు! ఆపకు తల్లీ, ఆపకు!” అని ఆయన కుర్చీలోంచి సగం లేచి కేకేశారు. నిలబడీ లేదు, కూర్చునీ లేదు. అలాగే ఉండి చూస్తున్నారు.

అయిపోయాక మెట్లు దిగుతూ నేను ఊరుకోలేకపోయాను. “చూశారు కదండీ. నచ్చింది కదా. ఇక ఆ పిల్ల మొదట గీసిన పైలట్‌కి సర్టిఫికెట్ ఇచ్చెయ్యండి. రాష్ట్రమంతా పిల్లలు చూస్తారు.”

ఆయన ఆగి, చాలా నిజాయితీగా ఆలోచించారు. ఆ ఆలోచన ముఖంలో కనపడింది. నాకు ఆశ కూడా పుట్టింది.

“ఎలా ఇస్తాను కామేశం గారూ?” అన్నారు చివరికి బాధగా. “సంతకం పెట్టాలంటే ఆపి చూడాలి. ఆపితే బాగుండదని ఇప్పుడే కదా తెలిసింది.”

భార్య చెయ్యి పట్టుకుని ఇంకో రెండు మెట్లు దిగి, వెనక్కి తిరిగారు.

“వచ్చే ఆదివారం మాకు ముందు వరసలోనే రెండు కుర్చీలు ఉంచమని మాత్రం చెప్పండి.”